గుడ్డులో కొవ్వు 5 గ్రాములా, 10 గ్రాములా, 60 శాతమా?

ఒకచోట గుడ్డులో కొవ్వు 5 గ్రాములని చదివానన్నారు. ఇంకోచోట 10 గ్రాములని ఉంది, మూడోచోట ఏకంగా 60 శాతం కొవ్వేనని ఉంది, వీటిలో ఎవరు అబద్ధం చెబుతున్నారని అడిగారు. ఎవరూ చెప్పట్లేదండీ. మూడూ నిజమే. కొలిచే తీరు మారింది, అంతే.

పెంకు తీసేశాక పెద్ద సైజు కోడిగుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది. అందులో కొవ్వు 5 గ్రాములకు కాస్త తక్కువ. పోషక విలువల పట్టికల్లో మాత్రం ఏ పదార్థాన్నయినా 100 గ్రాములకు లెక్కగట్టి రాస్తారు. 100 గ్రాములంటే రెండు గుడ్లు, కాబట్టి అక్కడ 10కి దగ్గరగా కనిపిస్తుంది. ఇక 60 శాతం సంగతి. ఒక గుడ్డు ఇచ్చే శక్తి 72 కేలరీలు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది కనుక ఆ 72లో 43 దాకా కొవ్వు నుంచే వస్తాయి. అది దాదాపు 60 శాతం. బరువులో పదో వంతు కూడా లేని కొవ్వు కేలరీల లెక్కకు వచ్చేసరికి సగం దాటిపోతుంది. గుడ్డు బరువులో నాలుగింట మూడు వంతులు నీళ్లే కావడం వల్ల ఇలా కనిపిస్తుంది. నీటికి బరువుంది కానీ కేలరీలు లేవు. అదే గుడ్డును ఎండబెట్టి పొడి చేస్తే ఆ పొడిలో 40 శాతం పైగా కొవ్వు తేలుతుంది. రేపు మీకు ఆ నాలుగో అంకె కూడా ఎక్కడైనా ఎదురుపడవచ్చు, కంగారు పడకండి.

ఇరవై రెండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా ముందు కూర్చునేవాళ్లలో సగం మందిని తికమక పెట్టేది ఇదే. ఒకరు గ్రాముల్లో మాట్లాడతారు, మరొకరు శాతాల్లో. గుడ్డు మాత్రం మధ్యలో దోషిలా నిలబడి ఉంటుంది.

మీ అసలు ప్రశ్న దీని వెనకే ఉంది. మీరు జిమ్‌కి వెళ్తూ రోజూ ఆరు గుడ్ల పచ్చసొనలు పారేస్తున్నారు. నాన్నగారికి రక్త పరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 142 వచ్చిందని అమ్మగారు తెల్లసొనతోనే ఆమ్లెట్ వేస్తున్నారు. ఇది సరైన పద్ధతేనా అన్నారు. మీ ఇద్దరి సంగతులూ వేరు, జవాబులూ వేరు. కాకపోతే ఇద్దరికీ ఒక మాట ముందే చెప్పేస్తాను: గుడ్డులో ఏముందో తెలుసుకోవడంతో పని అయిపోదు, ఆ పూట గుడ్డుతో పాటు ఇంకేం లోపలికి వెళ్తోందో అది చూడాలి.

ముందు గుడ్డును విడదీద్దాం. తెల్లసొన 33 గ్రాములు ఉంటుంది. అందులో కొవ్వు లేదనే అనుకోవచ్చు, గ్రాములో పదో వంతు కూడా ఉండదు. కేలరీలు 17, ప్రొటీన్ 3.6 గ్రాములు, మిగతాదంతా నీరు. పచ్చసొన 17 గ్రాములే కానీ కేలరీలు 55, కొవ్వు 4.5 గ్రాములు, ప్రొటీన్ 2.7 గ్రాములు. ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగండి. ప్రొటీన్ అంటే తెల్లసొన, కొవ్వు అంటే పచ్చసొన అని అందరి నోటా నానిన మాట. నిజానికి గుడ్డులోని 6.3 గ్రాముల ప్రొటీన్‌లో నూటికి నలభై వంతుల పైన పచ్చసొనలోనే ఉంది. గ్రాముకు గ్రాము తూచి చూస్తే తెల్లసొన కంటే పచ్చసొనలోనే ప్రొటీన్ ఎక్కువ. మీరు రోజుకు ఆరు పచ్చసొనలు పారేస్తున్నారంటే 16 గ్రాముల ప్రొటీన్ చెత్తబుట్టలో పోస్తున్నట్టు. ఆ ప్రొటీన్ కోసమే కదండీ మీరు గుడ్లు తింటున్నది!

అసలు పచ్చసొనలో అంత కొవ్వు ఎందుకుంది? గుడ్డు మన కోసం తయారైంది కాదు, పిల్ల కోసం తయారైంది. 21 రోజులు బయటి నుంచి మెతుకు అందని పిల్లకు ఆ పెంకు లోపల ఉన్నదే సర్వస్వం. ఆ మూడు వారాల్లో దానికి కావలసిన శక్తిలో తొంభై శాతానికి పైగా పచ్చసొనలోని కొవ్వును కరిగించుకునే సంపాదించుకుంటుంది. ఈ కొవ్వును పెట్ట తన కాలేయంలో తయారుచేసి, ప్రొటీన్‌తో కలిపి సూక్ష్మమైన కణాలుగా చుట్టి, రక్తం ద్వారా అండాశయానికి పంపుతుంది. సుమారు పది రోజులపాటు పొర మీద పొరగా పచ్చసొన పెరుగుతుంది. తెల్లసొన చుట్టుకోవడానికి మాత్రం కొన్ని గంటలు చాలు.

ఇది చెప్పడానికి కారణముంది. మేత మారిస్తే పచ్చసొనలోని కొవ్వు రకం మారుతుంది. అవిసె గింజలు పెడితే ఒమేగా-3 పెరుగుతుంది. ఒమేగా-3 గుడ్లని అమ్మేవి చాలావరకు ఇలా వచ్చినవే. అది బూటకం కాదు. కానీ కొవ్వు మొత్తం, కొలెస్ట్రాల్ మొత్తం మేతతో పెద్దగా మారవు. పిల్ల ఒళ్లు కట్టుకోవడానికి కొంత కొలెస్ట్రాల్ ఉండి తీరాలి, పెట్ట ఆ విషయంలో రాజీ పడదు. అందుకే దశాబ్దాలుగా ప్రయత్నించినా కొలెస్ట్రాల్ బాగా తక్కువున్న కోడిగుడ్డు రాలేదు. కొలెస్ట్రాల్ లేని గుడ్డు అని సీసాలో ఏదైనా కనిపిస్తే అది తెల్లసొన ద్రవమే అయి ఉంటుంది.

ఇప్పుడు ఆ 5 గ్రాముల కొవ్వు ఎలాంటిదో చూద్దాం. సంతృప్త కొవ్వు, అంటే శాచురేటెడ్ ఫ్యాట్, 1.6 గ్రాములు. మోనో అన్‌శాచురేటెడ్ 1.8 గ్రాములు, ఇందులో అధికభాగం ఒలియిక్ ఆమ్లం, ఆలివ్ నూనెకు పేరు తెచ్చినదీ అదే. పాలీ అన్‌శాచురేటెడ్ 1 గ్రాము దాకా. మూడూ కూడితే 5 రాలేదేమిటని అడుగుతారేమో. కొవ్వు ఆమ్లాలను పట్టి ఉంచే గ్లిసరాల్, ఫాస్ఫేట్ వంటివాటి బరువు మిగతాది. అంటే ఈ కొవ్వు ఆమ్లాల్లో మూడింట రెండు వంతుల దాకా ఎల్‌డీఎల్‌ను పెంచని అన్‌శాచురేటెడ్ రకమే. సంతృప్త కొవ్వులో కూడా నాలుగో వంతు దాకా స్టియరిక్ ఆమ్లం, అదీ ఎల్‌డీఎల్ జోలికి పెద్దగా పోదు. పామిటిక్ ఆమ్లం ఒక్కటే కాస్త పేచీకోరు, అది గుడ్డుకు ఒక గ్రాము చిల్లర.

ఆ 1.6 గ్రాములు ఎక్కువా, తక్కువా? రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు సంతృప్త కొవ్వు 10 శాతం కేలరీలు మించకూడదన్నది సాధారణంగా చెప్పే హద్దు. అంటే 22 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సినవాళ్లకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెట్టిన హద్దు ఇంకా బిగువు, 6 శాతం లోపు, అంటే 13 గ్రాములు. ఆ 13లో గుడ్డు వాటా 1.6. ఒక పెద్ద చెంచా వెన్న వాటా 7. అదే వెన్నలో ఆమ్లెట్ వేసుకుని, ఎల్‌డీఎల్ పెరిగాక గుడ్డును తిడుతుంటాం. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు కదా, గుడ్డుకు పట్టిన గతి అదే. వెన్న, జున్ను, వేపిన మాంసం పక్కన పళ్లెంలో దొరికిపోతుంది.

ఇక్కడి నుంచి కొలెస్ట్రాల్. ముందొక సవరణ: కొలెస్ట్రాల్, కొవ్వు ఒకటి కావు. కొలెస్ట్రాల్‌కు కేలరీలు లేవు, దాన్ని ఒళ్లు ఇంధనంలా కాల్చుకోలేదు. కణాల పొరలు, పిత్త ఆమ్లాలు, విటమిన్ డి, కొన్ని హార్మోన్లు కట్టడానికి వాడే ముడిసరుకు అది. మన శరీరమే రోజుకు గ్రాము అటూ ఇటుగా తయారుచేసుకుంటుంది. ఒక గుడ్డులో 186 మిల్లీగ్రాములు ఉంటుంది, పట్టికను బట్టి 200 దాటి కూడా కనిపిస్తుంది. అదంతా పచ్చసొనలోనే.

ఈ భయం ఎక్కడ మొదలైందంటే కుందేళ్ల దగ్గర. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కలిపి కుందేళ్లకు పెట్టాడు. వాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంది. ఆ ప్రయోగం గొప్పదే, కొలెస్ట్రాల్‌కీ రక్తనాళాల జబ్బుకీ సంబంధం ఉందని చూపించింది. కాకపోతే కుందేలు గడ్డి తినే జంతువు. మేతలో కొలెస్ట్రాల్ అనేది పుట్టి బుద్ధెరిగి ఎరగదు. వచ్చిపడినదాన్ని ఏం చేయాలో దాని కాలేయానికి తెలియదు. ఎలుకల మీద, కుక్కల మీద అదే ప్రయోగం చేస్తే అంత సులువుగా ఫలించలేదు. మనిషి కాలేయం కుందేలు కాలేయంలా చేతులెత్తేయదు. తిండిలో కొలెస్ట్రాల్ ఎక్కువైతే సొంత ఉత్పత్తి తగ్గిస్తుంది, పేగు తక్కువ పీల్చుకుంటుంది, మిగులును పిత్తరసంలోకి తోస్తుంది. అయినా 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించొద్దని, పచ్చసొనలు వారానికి మూడు దాటొద్దని చెప్పింది. ఆ 300 అంకె అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లో చాలాకాలం కొనసాగి 2015-2020 ప్రతిలో మాయమైంది. హద్దు తీసేశారంటే ఎంతైనా తినమని కాదు, కొలెస్ట్రాల్ వీలైనంత తక్కువే ఉండాలని అక్కడే రాశారు. పత్రికలు మాత్రం "గుడ్డు నిర్దోషి" అని శీర్షిక పెట్టి ఆ రెండో వాక్యం వదిలేశాయి.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇచ్చిన డైట్ షీట్లన్నిట్లో "పచ్చసొన వద్దు" అని ఎర్ర ఇంకుతో రాసేదాన్ని. ఆలోచించి రాసింది కాదు, నాకు పని నేర్పినవాళ్లు రాసేవారు కనుక రాశాను. ఒక పెద్దాయన ఏడాదిన్నర పాటు నా మాట తుచ తప్పకుండా పాటించారు. ఎల్‌డీఎల్ మాత్రం కదల్లేదు. ఏం తింటున్నారో వారం రోజులు కాగితం మీద రాసి తెమ్మన్నాను. పచ్చసొన లేదు, నిజమే. పొద్దున టీతో నాలుగు వెన్న బిస్కెట్లు, సాయంత్రం నాలుగు. ఆ కాగితం ఇంకా నా సొరుగులో ఉంది.

మరి గుడ్డు తింటే రక్తంలో కొలెస్ట్రాల్ అసలు పెరగదా అంటే, పెరుగుతుంది. పెరగదని చెప్పేవాళ్లను నమ్మకండి. తిండిని అదుపులో పెట్టి చేసిన అనేక అధ్యయనాలను కలిపి 2001లో వేసిన లెక్క ఇది: తిండిలో ప్రతి 100 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్‌కు రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ సగటున 2.2 పాయింట్లు పెరుగుతుంది. ఆ లెక్కన రోజుకో గుడ్డు అంటే 4 పాయింట్లు. కొద్దిగా హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, కూడా పెరుగుతుంది కానీ ఎక్కువ వాటా ఎల్‌డీఎల్‌దే. 142 దగ్గర ఉన్న మనిషికి గుడ్డు మొత్తంగా మానేస్తే 138 వస్తుందన్నమాట. పరీక్ష చేసే ల్యాబ్‌లో ఒక వారానికీ ఇంకో వారానికీ వచ్చే తేడా అంతకంటే ఎక్కువ ఉంటుంది.

సగటు అన్నాను, గమనించండి. మనిషి మనిషికీ తేడా చాలా ఉంటుంది. 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 88 ఏళ్ల వృద్ధుడి కథ వచ్చింది. ఆయన రోజుకు 25 గుడ్లు తినేవాడు, ఏళ్ల తరబడి. రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది. పరీక్షించి చూస్తే ఆయన పేగు తిన్న కొలెస్ట్రాల్‌లో 18 శాతమే పీల్చుకుంటోంది, కాలేయం మామూలు కంటే రెట్టింపు పిత్త ఆమ్లాలు తయారుచేస్తోంది. ఆయన్ను చూసి మీరు పాతిక మొదలుపెట్టకండి. దీనికి తలకిందులుగా, రెండు గుడ్లకే ఎల్‌డీఎల్ గట్టిగా ఎగబాకేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ జాతో ముఖం చూసి చెప్పలేం.

గుండెపోటుకూ గుడ్డుకూ సంబంధం మీద అధ్యయనాలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉన్నాయి. 2019లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చినది దాదాపు 30 వేల మందిని చూసి, రోజుకు అదనంగా అర గుడ్డు తింటే గుండె జబ్బు ముప్పు 6 శాతం ఎక్కువగా కనిపించిందంది. ఏడాది తిరక్కుండానే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెండు లక్షల మందికి పైగా చూసిన అధ్యయనం రోజుకో గుడ్డు వరకు అలాంటి ముప్పేమీ కనిపించలేదంది. రెండూ జనం తిండిని అడిగి తెలుసుకుని రాసుకున్నవే, ఎవరికీ గుడ్లు పెట్టి చూసినవి కావు. గుడ్డుతో పాటు వేపిన మాంసం తినే దేశంలో గుడ్డు పాపాన్ని విడదీసి తూచడం ఎంత కష్టమో మీరే ఊహించండి. ఆరోగ్యవంతులకు రోజుకు ఒక గుడ్డు వరకు ఫర్వాలేదన్న దగ్గర ఇప్పుడు చాలామంది నిపుణులు కలుస్తున్నారు. మధుమేహం ఉన్నవాళ్ల విషయంలో ఆ ధీమా లేదు. కొన్ని అధ్యయనాల్లో వాళ్లకు ముప్పు ఎక్కువగానే కనిపించింది.

కాబట్టి నాన్నగారి విషయం. ఆయనకు షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, లేదా మీ వంశంలో చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చి ఉంటే, గుడ్ల లెక్క డాక్టరుగారితో మాట్లాడే నిర్ణయించుకోండి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే జబ్బు ఒకటుంది, అందులో కాలేయం ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి సరిగా లాగలేదు. ఆ లాగే ద్వారాన్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది. అలాంటివాళ్లకు ఈ సగటు లెక్కలు వర్తించవు. అవేవీ లేవనుకుంటే నేనైతే ఇలా చేస్తాను: రోజుకు ఒక పూర్తి గుడ్డు ఉంచి, వెన్న, మీగడ, జున్ను, బిస్కెట్లు, బేకరీ సరుకు, పామాయిల్‌లో వేపినవి ఆరు వారాలు పక్కన పెట్టి, మళ్లీ రక్త పరీక్ష చేయిస్తాను. ఆరు వారాలు చాలు, తిండి మార్పు అప్పటికి రక్తంలో కనిపిస్తుంది. అంకె తగ్గకపోతే అప్పుడు పచ్చసొన ఆపి ఇంకో ఆరు వారాలు చూడవచ్చు. రెండూ ఒకేసారి మానేస్తే దేని వల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఆయన ఇప్పటికే మాత్రలు వాడుతుంటే వాటిని మాత్రం మీరు ముట్టుకోకండి.

అమ్మగారు వేసే తెల్లసొన ఆమ్లెట్ గురించి ఒక చిన్న లెక్క. రెండు పచ్చసొనలు తీసేస్తే తగ్గేది 9 గ్రాముల కొవ్వు. పెనం మీద రెండు టీ చెంచాల నూనె పోస్తే వచ్చేది 9 గ్రాముల కొవ్వు. తెల్లసొన పెనానికి అంటుకుంటుంది కాబట్టి నూనె ఇంకాస్త ఎక్కువే పడుతుంది, వేసేవాళ్లను అడగండి. నూనె మంచిదైతే ఎల్‌డీఎల్‌కు ఏం కాదు, పైగా కాస్త మేలే. బరువు తగ్గాలనుకునేవాళ్లకు మాత్రం ఈ త్యాగం సున్నకు సున్న, హళ్లికి హళ్లి. సీసా నుంచి పోయకుండా చెంచాతో కొలిచి వేయమనండి. లేదా ఉడకబెట్టండి, ఏ లెక్కా ఉండదు.

ఇక మీ సంగతి. జిమ్‌కి వెళ్లే వయసులో, ఎల్‌డీఎల్ మామూలుగా ఉంటే, ఆరింట్లో రెండు మూడు పచ్చసొనలు ఉంచుకోండి. ఆరూ ఉంచుకోమని అనను; అప్పుడు కొలెస్ట్రాల్ గ్రాము దాటుతుంది, సంతృప్త కొవ్వు 10 గ్రాములకు చేరుతుంది, మిగతా తిండికి చోటుండదు. మీరు పారేసినవాటిలో ఇంకేం పోతున్నాయో చెబుతాను. విటమిన్ ఎ, డి, ఇ దాదాపు మొత్తం. బి12లో అధికభాగం. కంటికి పనికొచ్చే ల్యూటిన్, జియాజాంతిన్ అనే పసుపు రంగు పదార్థాలు. ఇవి ఆకుకూరల్లో ఇంకా ఎక్కువే ఉంటాయి కానీ పచ్చసొనలో కొవ్వుతో కలిసి ఉండటం వల్ల ఒంటికి బాగా పడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా కోలీన్ అనే పోషకం. గుడ్డుకు 147 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు ఎంత ఉండాలో 1998లో అమెరికాలో మొదటిసారి నిర్ణయించారు: ఆడవాళ్లకు 425, మగవాళ్లకు 550. కాలేయంలో కొవ్వు పేరుకోకుండా బయటికి పంపడానికి కోలీన్ కావాలి. కొవ్వు భయంతో కాలేయంలోని కొవ్వును కదిలించే సరుకునే పారేయడం చూస్తుంటే నాకు ఎప్పుడూ చిత్రంగా ఉంటుంది. గర్భిణులకు ఇంకా కావాలి, అందుకే వాళ్లకు నేను పచ్చసొన మానొద్దనే చెబుతాను.

గుడ్డును ఆకాశానికి ఎత్తడం కూడా నాకు ఇష్టం లేదు. అందులో విటమిన్ సి లేదు, పీచు లేదు. కాల్షియం పెంకులో ఉండిపోయింది, లోపల దొరికేది 28 మిల్లీగ్రాములే. ఇనుము పట్టికలో 0.9 మిల్లీగ్రాములని కనిపిస్తుంది కానీ పచ్చసొనలో ఫాస్విటిన్ అనే ప్రొటీన్ దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది, ఒంటికి దక్కేది తక్కువ. రక్తహీనతకు గుడ్డు మందు అనే మాట అందుకే సరికాదు. విటమిన్ డి ఒక మైక్రోగ్రాము, రోజుకు కావలసింది 15.

పచ్చిగుడ్లు పాలలో కొట్టుకుని తాగుతున్న మిత్రుడి గురించి రాశారు. ఆపమనండి. 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూస్తే ఉడికిన గుడ్డు ప్రొటీన్‌లో 91 శాతం జీర్ణమైంది, పచ్చిదానిలో 51 శాతమే. కండల కోసం పచ్చిగుడ్డు తాగేవాళ్లు సగం ప్రొటీన్ వృథా చేసుకుంటున్నారు. పైగా పచ్చి తెల్లసొనలో ఎవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకుని ఒంటికి అందనీయదు. అదే పనిగా నెలల తరబడి తాగితే చర్మం పొలుసులు రేగి, జుట్టు ఊడుతుంది. ఉడికిస్తే ఎవిడిన్ పని సరి. సాల్మొనెల్లా సంగతి ఇంకో ఎత్తు: పెంకు చెక్కుచెదరకుండా ఉన్నా లోపల ఉండొచ్చు, పెట్ట అండాశయంలోనే సోకి గుడ్డులోకి వస్తుంది. పైపైన కడిగితే పోయేది కాదు.

గోధుమరంగు గుడ్లు, ముదురు పచ్చసొన గురించి క్లుప్తంగా. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, లోపలి పోషకాలతో పని లేదు. పచ్చసొన రంగు మేతను బట్టి వస్తుంది. పసుపు మొక్కజొన్న తిన్నా, బంతిపూల సారం కలిపిన మేత తిన్నా ముదురుగా ఉంటుంది. ముదురు రంగు చూసి బలమెక్కువని ఎక్కువ డబ్బులు ఇవ్వక్కర్లేదు. కౌజుపిట్ట గుడ్డు చిన్నది కాబట్టి కొలెస్ట్రాల్ తక్కువనుకుంటారు. ఒక్కటి 9 గ్రాములే, అందులో 76 మిల్లీగ్రాములు. ఐదు తింటే ఒక కోడిగుడ్డు బరువు కూడా రాదు, కొలెస్ట్రాల్ మాత్రం రెట్టింపు వస్తుంది. బాతు గుడ్డు ఒక్కదానిలోనే 600 దాటుతుంది, కొవ్వు 9 గ్రాముల పైన. నాన్నగారికి ఆ రెండూ రోజువారీ తిండిగా వద్దు.

చివర్లో అడిగిన ఆకుపచ్చ వలయం గురించి. ఉడికిన పచ్చసొన చుట్టూ బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ గీత వచ్చిందంటే గుడ్డు పాడైనట్టు కాదు. ఎక్కువసేపు ఉడికినప్పుడు తెల్లసొన నుంచి గంధకపు వాయువు లోపలికి పోయి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి అక్కడ రంగు తేలుతుంది. హాయిగా తినొచ్చు. ఇకనుంచి నీళ్లు మరిగాక పది పన్నెండు నిమిషాలు దాటకుండా దించి, వెంటనే చల్లనీళ్లలో వేయండి. వలయం రాదు, పెంకు కూడా సులువుగా ఊడుతుంది.